మా బోరు నీళ్లలో ఏముంది

తూంకుంట,
4 జూలై 2024

చిరంజీవి శ్రీలేఖకు,

మీ జనార్ధన్ మామ దీవించి రాస్తున్నది. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో, నవ్వుకో. పది రోజులుగా నా ఫోన్ బియ్యం డబ్బాలో ఉంది. మీ రోజారాణి అత్తతో నీళ్లు వాసన వస్తున్నాయని అన్నానో లేదో, అరగంటలో ఫోన్ తెరమీద నీళ్ల ఫిల్టర్ ప్రకటన వచ్చింది. ఇంకా దాన్ని జేబులో పెట్టుకుని తిరగమంటావా? పోస్టాఫీసులో స్టాంపు వెతకడానికే ఆ అమ్మాయికి పావుగంట పట్టింది. పట్టనీ. మధ్యలో ఎవరైనా విప్పితే కవరు చూస్తేనే తెలుస్తుంది.

సంగతికి వస్తాను. మా కాలనీ ఉమ్మడి బోరు నీళ్లు మారాయి. వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున పట్టిన మొదటి బిందెలో ఏదో వాసన, కొంచెం పసుపు రంగు. ఎదురింటి దుర్గాబాయి మనవరాలు పూజ నీకు తెలుసు కదా, ఆరేళ్ల పిల్ల, వారం నుంచి తిన్నదంతా కక్కుకుంటోంది. నేను మాత్రం మీ అత్తతో గొడవపడి ప్లాంట్ నీళ్ల క్యాను తెప్పిస్తున్నాను.

ఇది మామూలు సంగతి కాదు లేఖా. మార్చిలో మల్లేశం తన ఖాళీ స్థలంలో సెల్ టవర్ పెట్టించాడు. ఏప్రిల్ నుంచి కాకులు లేవు. మేలో ఒక అమ్మాయి పలక లాంటిది పట్టుకుని వచ్చి ఇంట్లో ఎందరుంటారు, ఎవరికి షుగర్ ఉంది అని రాసుకుపోయింది. జూన్‌లో నీళ్లు మారాయి. ఏదో మందుల కంపెనీ తన కొత్త మందును మన మీద పరీక్షిస్తోంది. బోరులో కలిపేది ఒకరు, ఎవరికి ఏమవుతోందో టవర్‌తో కొలిచేది ఇంకొకరు. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కలిపి చూడు.

ఆదివారం సంఘం మీటింగులో లేచి చెప్పాను. నీళ్ల గురించి చెప్పేంతవరకు అందరూ విన్నారు. దుర్గాబాయి కూడా తలూపింది. కాకుల దగ్గరికి వచ్చేసరికి వెనక నవ్వులు మొదలయ్యాయి. ఈ స్థలాలన్నీ ఒకప్పుడు మల్లేశం వాళ్ల పొలాలే కదా, ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. "అన్నా, పోయినేడు ప్లాస్టిక్ బియ్యమంటివి. మొన్న దోమల మందుల చిప్పులున్నయంటివి. ఇగ నీళ్లా? జర మమ్మల్ని ఊపిరి తీస్కోనియ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. ప్లంబర్ బాలేష్ ఒక్కడే నవ్వలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం నా దగ్గరికి వస్తున్నాడు.

నువ్వు కాలేజీలో కెమిస్ట్రీ చెప్తావు. నీ స్నేహితురాలు ఇషిత నీళ్లు పరీక్షించే ల్యాబ్ నడుపుతోందని చెప్పావు. ఆదివారం మీ అత్త యాప్రాల్ వస్తోంది, ఎర్రమూత సీసా ఒకటి పంపుతాను. పరీక్ష చేయించు. ఎవరికీ చెప్పకు. మీ అత్తకు కూడా నేనేమీ చెప్పలేదు.

మామిడికాయ తొక్కు కూడా వస్తుంది, ఈసారి ఉప్పు సరిపోయింది.

ఇట్లు,
జనార్ధన్ మామ


యాప్రాల్,
9 జూలై 2024

మామకు, ఉత్తరం చూసి ముందు భయపడి తర్వాత సంతోషించిన లేఖ నమస్కారం.

పోస్ట్‌మ్యాన్ నా పేరు పిలిస్తే ఏదో కోర్టు నోటీసు అనుకున్నాను. నీ చేతిరాత చూసి ఎన్నేళ్లయింది! కండక్టరుగా ఉన్నప్పుడు టికెట్ల మీద నువ్వు గీసిన గీతల్లాగే ఉంది, సగం అక్షరాలు కాగితం దాటిపోతున్నాయి.

అత్త ఆదివారం వచ్చింది. తొక్కు ఇచ్చి, సంచిలోంచి సీసా తీసి, "ఏమో బిడ్డా, మీ మామ ఇయ్యమన్నడు. ఏందని అడగొద్దన్నడు" అంది. సోమవారమే ఇషితకు ఇచ్చాను. వారం పడుతుందట. నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. మూత తీసి చూశాను, నాకైతే ఏ వాసనా రాలేదు.

మామా, ఒక మాట. నీ ఉత్తరంలో పూజ వాంతుల సంగతి చదివి నా గుండె ఆగినంత పనైంది. ఆ తర్వాత టవర్ వచ్చింది. కాకులు వచ్చాయి. పలక పట్టుకున్న అమ్మాయి వచ్చింది. చివరికి వచ్చేసరికి పూజను మరిచిపోయాను. కావాలని కాదు, మిగతావి అడ్డం నిలబడ్డాయి. మీటింగులో కూడా ఇదే జరిగి ఉంటుంది. నీళ్ల గురించి మాత్రమే చెప్పి కూర్చుని ఉంటే?

ప్లాస్టిక్ బియ్యం అన్నప్పుడు నేనే నీ ముందు ఆ బియ్యం వండి, తిని చూపించాను గుర్తుందా? "సరే, ఇవి కాదేమో" అన్నావు. ఆ తర్వాత కాలనీలో ఎవరితోనైనా నాదే పొరపాటు అని చెప్పావా? చెప్పలేదు. వాళ్లకు అది గుర్తుంది. నువ్వే కదా నన్ను చిన్నప్పుడు బస్సులో నీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది: "అందరు తీస్కున్నమనే అంటరు బిడ్డా. మనం టికెట్ చూడాలె." ఇప్పుడు నిన్నూ జనం అదే అడుగుతున్నారు.

ఫలితం రాగానే రాస్తాను. పూజను ఒకసారి మంచి డాక్టర్‌కు చూపించమని దుర్గాబాయి గారికి చెప్పు.

నీ,
లేఖ


యాప్రాల్,
16 జూలై 2024

మామా,

ముందు మంచి మాట. రిపోర్ట్ వచ్చింది, కాపీ ఈ కవర్‌లో పెడుతున్నాను. అన్నీ ఉండాల్సిన మోతాదులోనే ఉన్నాయి. క్రిములు లేవు. ఇషిత, "ఇంత మంచి బోరు నీళ్లు నేను ఈ మధ్య చూడలేదు" అంది.

నిన్న మల్లేశం గారు ఫోన్ చేశారు. పరీక్ష సంగతి మీకెలా తెలుసని అడిగితే, బాలేష్ ఎక్కడో నోరు జారాడన్నారు. రిపోర్ట్ అడిగితే పంపాను. దాచడానికి అందులో ఏముంది? నలుగురికీ మనసు కుదుటపడుతుందనుకున్నాను.

పూజది వానాకాలపు కడుపునొప్పే అయి ఉంటుంది. ఇక టవర్‌నూ కాకులనూ వదిలెయ్. ఫోన్ బియ్యంలోంచి తియ్. అత్తను అనవసరంగా క్యాను కోసం సతాయించకు.

వచ్చే నెల సెలవుల్లో వస్తాను.

మనసు తేలికపడిన,
లేఖ


తూంకుంట,
20 జూలై 2024

శ్రీలేఖకు,

రిపోర్ట్ అందింది. అందక ముందే చూశాను. మల్లేశం దాన్ని పెద్దగా తీయించి సంఘం ఆఫీసు తలుపుకు అంటించాడు. కింద "పుకార్లు నమ్మకండి" అని రాయించాడు. దాని మీద నీ స్నేహితురాలి సంతకం. నువ్వు తెచ్చిచ్చావని ఊరంతా తెలుసు.

నేను పోస్టాఫీసుకు పోతుంటే ముగ్గురు ఆపి, "ఏందన్నా, మీ మేనకోడలే నీ గాలి తీసెనా" అన్నారు.

పొద్దున నా చేత్తో పట్టిన నీళ్లు అవి. వాసన చూసి, మూత బిగించి పంపాను. అవే నీళ్లు యాప్రాల్ చేరేసరికి మంచివి ఎట్లా అయ్యాయి? అయితే ల్యాబ్ వాళ్లను ఎవరో పట్టుకున్నారు. లేదా వాసన పోగొట్టే మందు కూడా అందులోనే కలిపారు, కొంతసేపటికి పనిచేసేది. బాలేష్ కూడా అదే అన్నాడు. మల్లేశం నీకు ఫోన్ చేశాడని నువ్వే రాశావు. నీ నంబర్ ఆయన దగ్గర ఎందుకుంది? రిపోర్ట్ నా చేతికి రాకముందే ఆయన చేతికి ఎందుకు పోయింది? ఇవి నేను అడగకూడని ప్రశ్నలా?

నిన్ను అనుమానిస్తున్నానని కాదు. కానీ నీకు తెలియకుండానే నిన్ను వాడుకుంటున్నారేమో ఆలోచించు.

మీ అత్త క్యాను మాన్పించింది. "మన లేఖనే మంచిగున్నయని రాసింది గద, ఇగ నీ మాట ఎవరింటరు" అంటోంది. కాలనీలో కాచి తాగే ఇళ్లు కూడా కాచడం మానేశాయి. నేనొక్కణ్నే అంగడికి పోయి సీసా కొనుక్కుని తాగుతున్నాను. దుర్గాబాయి నన్ను చూసి మొహం తిప్పుకుంది.

జనార్ధన్


యాప్రాల్,
25 జూలై 2024

మామకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ అదే చోట ఆగిపోయాను. నా నంబర్ మల్లేశం గారి దగ్గర ఎందుకుంది అన్న చోట. నీకు గుండెనొప్పి వచ్చిన రోజు నిన్ను తన కారులో ఆసుపత్రికి తీసుకుపోయింది ఆయనే మామా. అప్పుడు నా నంబర్ ఆయనకు నువ్వే ఇచ్చావు.

నీళ్లు బాగాలేవని వస్తే ఇషిత నిజాయితీపరురాలు, బాగున్నాయని వస్తే అమ్ముడుపోయింది. అయితే పరీక్ష ఎందుకు చేయించమన్నావు? ఏ జవాబు వచ్చినా నువ్వు అనుకున్నదే నిజమయ్యేటట్టు ఉంటే, అది ప్రశ్న కాదు. కాకులు లేకపోతే టవర్ పని. రేపు కాకులు వచ్చి వాలితే టవర్‌కు అలవాటుపడ్డ కాకులంటావు. నువ్వు పొరబడ్డావని తేలాలంటే ఏం జరగాలో ఒక్కటి చెప్పు. చెప్పలేవు. అందుకే నవ్వుతున్నారు, నిన్ను ద్వేషించి కాదు. నిన్ను అనుమానించిన ప్రతివాడూ నీ లెక్కలో వాళ్ల మనిషైపోతాడు. ఇప్పుడు నేనూ అయ్యాను.

అమ్మ పోయాక నా పరీక్షలకు ప్రతిసారీ నువ్వే వచ్చి గేటు బయట నిలబడ్డావు. నన్ను ఇలా అడుగుతావని అనుకోలేదు.

కొన్నాళ్లు రాయను. కోపంతో కాదు, ఏం రాయాలో తెలియక.

శ్రీలేఖ


మేడ్చల్, ఆసుపత్రి నుంచి,
18 ఆగస్టు 2024

బిడ్డా లేఖా,

మీ అత్తకు కామెర్లు. నాలుగు రోజులైంది ఇక్కడ చేర్చి. భయం లేదని డాక్టరమ్మ అంటోంది, కానీ కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి, చూడలేకపోతున్నాను. పక్క వార్డులో పూజ. మా కాలనీ వాళ్లు ఇంకో నలుగురు. కలుషితమైన నీళ్ల వల్లే అంటున్నారు.

నీకు ఫోన్ చేయొచ్చు. ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాను కూడా. కానీ నీ గొంతు విని ఈ మాట చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

నిన్న మీ అత్త పళ్లరసం తాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"అవునయ్యా, మొన్న గా ఎర్రమూత సీస నీళ్లు లేఖ ఏం జేసింది?"

"పరీక్షకిచ్చింది."

"పరీక్షకా! గా తలుపు మీది కాయిదం గా సీస నీళ్లదా? లేఖ వేరే పట్టిచ్చిందనుకుంటి. నాకు జెప్పకపోతివి? గవి జూస్తే పచ్చగ, వాసనొస్తాన్నయి. బిడ్డ ఇంటికి గిసొంటి నీళ్లు ఎట్ల తీస్కపోవాలె అని పారబోసి, సీస కడిగి, క్యాన్ నీళ్లు నింపిన."

నీ ఇషిత తప్పు చేయలేదు. ఎవరూ ఎవరినీ కొనలేదు. మందూ లేదు, మాయా లేదు. ఎవరికీ చెప్పొద్దని నేను దాచిన మాట వల్ల మీ అత్త సీసా కడిగింది. ఆ రిపోర్ట్ చూసి కాలనీ అంతా తాగింది. మీ అత్తా తాగింది.

నీళ్లు బాగాలేవని నేను మొదటి రోజే అన్నాను. అది నిజమైంది. అయితే నేను సంతోషించాలా? పొద్దున బాలేష్ వచ్చి, "చూసినవా అన్నా, మనమన్నదే అయ్యె" అని నా భుజం తట్టాడు. నేను వాడి చేయి తీసేశాను. మనమన్నది ఏది? మందుల కంపెనీ అన్నాం. టవర్ అన్నాం. ఇప్పుడు ఏది నిజమో, ఏది మనం కల్పించుకున్నదో నాకే తెలియడం లేదు.

నిన్ను అన్న మాటలకు నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. ఈసారి నువ్వే వచ్చి, నీ చేత్తో నీళ్లు పట్టు.

మామ


యాప్రాల్,
28 ఆగస్టు 2024

మామా,

ఆసుపత్రిలో అత్త పక్కన ఇద్దరం కూర్చున్నప్పుడు ఒక్క మాటా సరిగ్గా మాట్లాడుకోలేదు. ఉత్తరాలకే అలవాటైపోయామేమో. అందుకే ఇదీ రాస్తున్నాను.

తప్పు నీ ఒక్కడిదే అనుకోకు. నువ్వు పసుపు రంగు, వాసన అని రాశావు. నా చేతికి తేట నీళ్లు వచ్చాయి. వాసన లేదని నేనే నీకు రాశాను! ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లైనా అడుగుతుంది, ఇవి ఆ నీళ్లేనా అని. నేను అడగలేదు. కాకుల సంగతి రాసిన మనిషి వాసన సంగతి కూడా ఊహించుకున్నాడులే అనుకున్నాను. నిన్ను నమ్మకపోవడం నాకు అలవాటైపోయింది, ఆ అలవాటునే తెలివి అనుకున్నాను. పూజది వానాకాలపు కడుపునొప్పి అని కూడా రాశాను, డాక్టర్‌లాగా.

నువ్వు అత్త దగ్గర ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను కాలనీకి పోయి మూడు కుళాయిల్లో నీళ్లు పట్టాను. ఇషిత పరీక్షించింది. మందులేవీ లేవు. మలంలో ఉండే క్రిములు ఉన్నాయి, చాలా ఎక్కువగా. అంటే ఎక్కడో సెప్టిక్ ట్యాంకు కారి బోరులోకి దిగుతోంది.

కొత్త రిపోర్ట్ తీసుకుని మల్లేశం గారి దగ్గరికి పోయాను. పాతది తలుపు మీద అట్లాగే ఉంది. ఆయన రెండూ చూసి, "అమ్మా, మొన్న మంచిగున్నయని నువ్వే ఇస్తివి. ఇయ్యాల పాడైనయంటున్నవ్. మీ మామ నిన్ను గూడ తిప్పిండా? ఏ కాయిదం నమ్మాలె మేము?" అన్నారు. సీసా కథ చెప్పాను. చెప్తుంటే నాకే అది అల్లిన కథలా వినిపించింది. పక్కనున్నాయన నవ్వు ఆపుకున్నాడు. జీవితంలో మొదటిసారి మామా, నిజం చెప్తూ నమ్మించలేక నిలబడ్డాను. నువ్వు ఎన్ని మీటింగుల్లో అట్లా నిలబడ్డావో అనిపించింది.

పాత కాగితం మాత్రం నేనే చింపేసి వచ్చాను.

ఇషిత రెండు రంగు పొట్లాలు ఇచ్చింది, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ; ఈ కవర్‌లోనే పెట్టాను. హాని లేనివి. ఒక ట్యాంకులో ఒక రంగు పోసి వారం చూడండి. అది కారుతుంటే బోరు నీళ్లలో ఆ రంగు కనిపిస్తుంది. బోరుకు దగ్గరున్న ఇళ్లతో మొదలుపెట్టండి. అందరూ చూస్తుండగా పోయండి. అప్పటిదాకా ఎవరూ ఆ నీళ్లు తాగకుండా చూడు.

అత్తకు నా ముద్దులు.
లేఖ


తూంకుంట,
14 సెప్టెంబర్ 2024

లేఖా బిడ్డకు,

మీ అత్త ఇంటికొచ్చింది. నీరసంగా ఉన్నా నన్ను తిట్టేంత ఓపిక ఉంది. పూజ కూడా వచ్చింది, గుమ్మంలో కూర్చుని రంగు పెన్సిళ్లతో ఏవో గీస్తోంది.

రంగుల సంగతి చెప్తాను. బోరుకు అటువైపు మల్లేశం ఇల్లు, ఇటువైపు మనది. మల్లేశం ట్యాంకుతోనే మొదలుపెట్టాలని నేనూ బాలేషూ పట్టుబట్టాం. నిజం చెప్పాలంటే నా మనసులో ఆయనదే అని ఖాయమైపోయింది. ఆయన "పోస్కోండి, నాకేం భయం" అన్నాడు. ఎర్ర రంగు పోశాం. వారం రోజులు పొద్దునే బోరు దగ్గర జనం. నీళ్లు ఎర్రబడలేదు.

"ఇగ మీది" అన్నాడు మల్లేశం.

"మాదెందుకు? మాది మంచిగ కట్టిచ్చిన" అన్నాను. అందరూ నా వైపు చూశారు. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది.

ఆకుపచ్చ రంగు పోశాం. మూడోరోజు పొద్దున బిందెలో నీళ్లు లేత ఆకుపచ్చగా వచ్చాయి.

మనదే లేఖా. మన ట్యాంకే. ఇల్లు కట్టినప్పుడు ట్యాంకు వెనకవైపు రావాల్సింది. అక్కడ జామచెట్టు ఉండె. కొట్టబుద్ధి కాక ట్యాంకును బోరు వైపు జరిపించాను. అడుగున సిమెంటు వద్దు, నీళ్లు భూమిలోకి ఇంకితే తొందరగా నిండదని మేస్త్రీ అంటే సరే అన్నాను. నాకు గుర్తే లేదు. టవర్ వైపు చూస్తూ ఇన్ని నెలలు ఆ ట్యాంకు మూత మీదే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

బాలేష్ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, పొట్లాలు మార్చిర్రు. మల్లేశం ట్యాంకుల పోసింది ఆకుపచ్చదే, అది ఆలస్యంగ వచ్చింది. నువ్వేం మాట్లాడకు" అన్నాడు. ఒక్క క్షణం నాకు ఆ మాట ఎంత తియ్యగా అనిపించిందో నీకు చెప్పలేను. నేను తలూపితే చాలు, మళ్లీ మేమిద్దరం ఒకటి, వాళ్లంతా ఒకటి. కానీ పొట్లాలు విప్పింది నేనే. రంగు చూసింది నా కళ్లే.

సాయంత్రం మీటింగులో లేచాను. "నీళ్లు పాడుచేసింది మా ట్యాంకు. మందుల కంపెనీ లేదు. టవర్‌కు దీంతోని సంబంధం లేదు. పోయినేడు నేను చెప్పిన బియ్యం ముచ్చట గూడ అబద్ధమే. నన్ను మాఫ్ చెయ్యుండ్రి" అన్నాను.

చప్పట్లు కొడతారనుకోలేదు, తిడతారనుకున్నాను. మల్లేశం ఎగాదిగా చూసి, "ఇదేం కొత్త డ్రామానే అన్నా? దీని ఎనక ఇంకేం తీస్తవ్?" అన్నాడు. బాలేష్ లేచి, "చూసిండ్రా, మనిషిని ఎంత బెదిరిచ్చిర్రో! అన్న అట్ల మాట్లాడెటోడే కాదు" అని అరిచాడు. నన్నెప్పుడూ నమ్మనివాళ్లు ఇప్పుడూ నమ్మలేదు. నమ్మిన ఒక్కడూ ఇప్పుడు నమ్మడం మానేశాడు. మధ్యలో మైకు పట్టుకుని నేను.

దుర్గాబాయి మాత్రం లేచి వచ్చింది. "నిజంగనా?" అంది. చేయి పట్టుకుని తీసుకుపోయి మూత ఎత్తించి చూపించాను. బోరు వైపు గోడలో పగులు కనిపిస్తోంది. ఆమె వంగి చూసింది. "నా మనవరాలు ఇరవై దినాలు మంచంల ఉండె అన్నా" అంది. అంతే, వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. తెల్లారి చూస్తే, ఆ వీధిలో అందరినీ ఆమే ఒక్కొక్కరిగా పిలిచి పగులు చూపిస్తోంది. మల్లేశం కూడా వచ్చి చూశాడు. తాగడానికి మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకర్‌కు ఆ రోజే ఆయనే చెప్పాడు. ట్యాంకు ఖాళీ చేయించి పూడ్పించాను.

అన్నీ కుదురుకున్నాయంటావేమో. బాలేష్ సంగతి కుదరలేదు. ట్యాంకర్ నీళ్లలో కూడా కలిపారంటున్నాడు. ఎక్కడో పాడుబడ్డ పొలం బావి నుంచి నీళ్లు తెచ్చి వాళ్లమ్మ నర్సమ్మకు తాగిస్తున్నాడు. ఆమెకు డెబ్బై దాటాయి. నిన్న పోయి చెప్పాను, రిపోర్ట్ చూపించాను. "నిన్ను ఎవరు కొన్నరన్నా?" అన్నాడు. ఎవరూ కొనలేదన్నాను. "కొన్నోళ్లు గట్లనే చెప్పమంటరు" అన్నాడు. నేను ఏ జవాబు చెప్పినా దానికి వాడి దగ్గర ఇంకో జవాబు ఉంది. అవన్నీ నేను నేర్పినవే బిడ్డా, ఒక్కొక్కటీ, సాయంత్రాలు కూర్చోబెట్టుకుని.

నువ్వు పంతులమ్మవి. మనమే తప్పు నేర్పితే, దాన్ని మళ్లీ ఎట్లా తీసుకోవాలి? నాకు పాలుపోవడం లేదు. తొందరగా రాయి.

మామ


యాప్రాల్,
18 సెప్టెంబర్ 2024

మామా,

నీ ప్రశ్న చదివి క్లాసుకు పోయాను. పాఠం చెప్తున్నా అదే తిరుగుతోంది. నాకూ సరైన జవాబు తెలియదు. జరిగినదొకటి చెప్తాను.

మూడేళ్ల కిందట ఒక సమీకరణం బోర్డు మీద తప్పు రాశాను. మర్నాడు చూసుకుని, నిన్న తప్పు చెప్పాను అని దిద్దాను. పరీక్షలో నలుగురు పాతదే రాశారు. ఎందుకని పిలిచి అడిగితే, దిద్దిన రోజు ముగ్గురు రాలేదని తేలింది. నాలుగో అమ్మాయి తృప్తి వచ్చింది, విన్నది, అయినా మార్చుకోలేదు. "మొదట చెప్పినప్పుడు మీరు చాలా గట్టిగా చెప్పారు మేడం. దిద్దినప్పుడు మెల్లగా చెప్పారు. అందుకే మొదటిదే నిజమనుకున్నాను" అంది. నేను ఆ పిల్ల బెంచీ పక్కన కూర్చున్నాను. ఎక్కడ తప్పో నేను చెప్పలేదు, ఆ అమ్మాయి లెక్క చేస్తూ పోతుంటే చూశాను. నాలుగో వరుస దగ్గర తనే ఆగి, "ఇది కుదరడం లేదు" అంది. అక్కడికి రావడానికి పన్నెండు రోజులు పట్టింది.

బాలేష్‌కు ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. కుదురుతుందో లేదో కూడా తెలియదు. కానీ నర్సమ్మ గారు అన్ని రోజులు ఆగలేరు. కాబట్టి ఆ బావి నీళ్లు మంచివా చెడ్డవా అని వాదించకు. ట్యాంకర్ మాట ఎత్తకు. కాచి ఇవ్వమను, అంతే. కాచడంలో ఎవరి కుట్రా ఉండదు కదా, పొయ్యి వాడిదే, గిన్నె వాడిదే.

ఆదివారం నేను వస్తున్నాను. ముందు దుర్గాబాయి గారి ఇంటికి పోవాలి, ఆ మొదటి కాగితం నాది అని ఆమెకు నా నోటితో చెప్పాలి. ఏమంటారో, తలుపు తీస్తారో లేదో. తర్వాత ఇద్దరం బాలేష్ వాళ్లింటికి పోదాం. నువ్వేమీ చెప్పకు. నేనూ చెప్పను. వాడికి ఏమనిపిస్తోందో మొత్తం చెప్పనిద్దాం. ఎంతసేపైనా, టవర్ దాకా, కాకుల దాకా. నర్సమ్మ గారు టీ పెట్టిస్తే తాగుదాం. టీ అంటే నీళ్లు మరగాల్సిందే కదా.

ఈ ఉత్తరం కంటే ముందు నేనే వచ్చేస్తానేమో. వస్తే, ఇందులో ఏముందో మళ్లీ మొదటి నుంచి చెప్తాను.

లేఖ